బంగారం అని పిలిస్తే

తాళాలు బాగుచేసే ఆయనకు ఏళ్ళ తరబడి ఒక సందేహం ఉంది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి అలమర తెరిచి, దీపం వెలిగించి, "కరుణామయా, దయాసాగరా, దిక్కులేనివాళ్ళకు దిక్కైనవాడా" అని తను మొదలుపెట్టగానే, లోపలున్న దేవుడి గుండె గుభేలుమంటుందేమో అని.

ఎందుకంటే ఆ పొగడ్త వెనకాల ఎప్పుడూ ఒక కోరిక ఉంటుంది. షాపు యజమాని అద్దె పెంచకుండా చూడమనో, మోకాలి నొప్పి తగ్గించమనో, కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో గుర్తు చెయ్యమనో. ఊరికే పొగిడి, ఏమీ అడక్కుండా అలమర మూసిన రోజు ఒక్కటీ ఆయనకు జ్ఞాపకం లేదు. అలాంటప్పుడు 'కరుణామయా' అన్న మాట చెవిన పడగానే దేవుడు మాత్రం ఏమనుకుంటాడు? 'వచ్చాడ్రా బాబూ' అనుకోడూ?

ఈ సంగతి ఒకసారి భార్యతో అన్నాడు. ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే, "మీలాంటి భక్తులు ఓ నలుగురుంటే చాలు, ఆయనక్కూడా బీపీ మాత్రలు రాయాలి" అంది.

ఆయనకు ఇలాంటి సందేహం రావడంలో వింతేమీ లేదు. ఆ ఇంట్లో తియ్యగా మాట్లాడటమంటే ఏదో ముంచుకొస్తోందని అర్థం. భార్య "ఏవండోయ్, ఓసారి ఇలా వస్తారా" అని రాగం తీసిందంటే అటకమీద సామానంతా కిందికి దించాలి. ఆయన "ఈ చొక్కా ఎంత బాగా కుట్టావే" అన్నాడంటే ఎక్కడో పాత ఇనుము బస్తాడు కొని, ఇంటికి ఎలా తేవాలా అని చూస్తున్నాడన్నమాట. అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో వాళ్ళు హాయిగా తిట్టుకుంటారు. ఇది భార్య పుట్టింటినుంచి వచ్చిన విద్య. ఆవిడ పరీక్ష పాసైందని తెలిసిన రోజున వాళ్ళ నాన్న, "పుస్తకం ముట్టిన పాపాన పోలేదు, ఎలా పాసయ్యి చచ్చావే" అంటూ కళ్ళు తుడుచుకున్న మనిషి. ఆయన మెచ్చుకోవడం ఎవరూ వినలేదు. ఆయనకు తమమీద ప్రేమ లేదని కూడా ఎవరూ అనుకోలేదు.

షాపు ఒక్క గదే. సగం ఆయనది, సగం ఆవిడది. ఆయనవైపు గోడనిండా మేకులకు వేలాడే పళ్ళు కొయ్యని తాళంచెవులు, బల్లమీద ఇనుము బిగించి పట్టే ఒక వైసు, ఆకురాళ్ళు, చెవులు కోసే చిన్న యంత్రం, నేలమీద ఎంత ఊడ్చినా పోని ఇత్తడి పొడి. ఆవిడవైపు కుట్టుమిషను, హాంగర్లకు వేలాడే ప్యాంట్లు, మూల గుడ్డపీలికల కుప్ప. ఆ కుప్పమీద పిల్లి.

దాని పేరు ముదనష్టం. పిల్లకూనగా వాన్లో తడిసి షాపులోకి వచ్చిన రోజున, రాగానే స్ప్రింగుల పళ్ళెం తన్నేసింది. చీమ తలకాయంత స్ప్రింగులు గదంతా చెదిరిపోయాయి. "ముదనష్టం, ఎక్కణ్ణుంచి దాపురించిందో" అని ఆవిడ అనేసరికి, అది ఆగి, వెనక్కి తిరిగి, పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళి ఆవిడ కాళ్ళకు చుట్టుకుంది. ఇంక వేరే పేరు వెతకలేదు. శనిగొట్టుమొహం, తిండిపోతు, దొంగపీనుగ అనే ముద్దుపేర్లు తర్వాత చేరాయి. వాటిలో దేనికైనా పలుకుతుంది, తోకెత్తుకుని వస్తుంది.

అది పలకని పేరు ఒక్కటే, బంగారం. గోళ్ళు కత్తిరించాలన్నా, నీళ్ళు పొయ్యాలన్నా, కడుపులో పురుగుల మందు వెయ్యాలన్నా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గొంతులో తేనె పోసుకుని "బంగారం, మా అమ్మ కదూ" అని బయల్దేరేవారు. ఆ మాట సగంలో ఉండగానే పిల్లి బీరువా వెనక్కి చేరేది.

ఒక పొద్దున ముదనష్టం రోజూలాగే గుడ్డల కుప్పమీంచి ఆయన బల్లమీదికి దూకింది. కానీ బల్ల అందలేదు. అంచుకు తగిలి, తాళంచెవుల స్టాండుతో సహా కిందపడింది. లేచి, ఏమీ జరగనట్టు ఒళ్ళు నాక్కుని, నడిచి వెళ్ళి నేరుగా కుట్టుమిషను కాలికి తల కొట్టుకుంది.

"కళ్ళు నెత్తికెక్కాయే దీనికి" అని ఆవిడ దాన్ని ఎత్తుకుంది. తలుపు దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో చూసింది. ఆ వెలుతుర్లో సన్నగీతల్లా ఉండాల్సిన కంటిపాపలు కోటు గుండీల్లా నల్లగా, గుండ్రంగా విచ్చుకుని ఉన్నాయి. ఆవిడ దాని కళ్ళముందు వేళ్ళు ఆడించింది. పిల్లి రెప్ప కూడా వెయ్యలేదు.

"ఏవండీ," అంది. ఈసారి ఆ మాటలో రాగం లేదు. "దీనికి కనిపించట్లేదు."

ఆవిడ వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడికి టాక్సీ ఉంది. జంతువుల ఆస్పత్రి దూరం, పైగా బుట్టలో పిల్లిని చూస్తే ఎక్కించుకునేవాళ్ళు తక్కువ.

ఇక్కడ బావా బావమరుదుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒకప్పుడు వాళ్ళిద్దరూ కలిస్తే ఆ వీధికంతా కాలక్షేపం. ఒకరు ఒక మాటంటే రెండోవాడు దానికి ఇంకో నాలుగు కలిపి తిప్పికొట్టేవాడు. తర్వాత బావమరిది ఈ టాక్సీ కొన్నాడు. కొన్న మర్నాడే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేశాడు. తాళాలాయన సంచీ పట్టుకుని వెళ్ళాడు. ఏ తాళం ముట్టుకోవాలన్నా ముందు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు తలుచుకున్నాడు, పనిముట్టు దించాడు, తాళం రాలేదు. మళ్ళీ తలుచుకున్నాడు. ఇరుగూ పొరుగూ పోగయ్యారు. అప్పుడు బావమరిది అందరూ వినేలా, "మా బావ తాళం తియ్యడండీ, బతిమాలతాడు. దానికే జాలేసి తెరుచుకోవాలి" అన్నాడు.

జనం పడీ పడీ నవ్వారు. దానికి సమాధానం తాళాలాయన నాలుక చివరిదాకా వచ్చింది, కానీ బయటికి రాలేదు. చెమటలు కారుతున్నాయి. చివరికి తాళం తెరుచుకుంది. ఆయన సంచీ సర్దుకుని, "వస్తానండీ" అన్నాడు.

ఆ 'అండీ' దగ్గర మొదలైంది అంతా. మర్నాడు బావమరిది "బావగారూ, కులాసానా" అన్నాడు. ఈయన "మీ దయవల్ల" అన్నాడు. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరితో ఒకరు ఎంత మర్యాదగా ఉంటున్నారంటే, చూసేవాళ్ళకు భయమేసేది. ఇద్దరి మధ్యా నలిగేది ఆవిడ. "కొట్టుకు చావండి, పీడా పోతుంది. ఈ గారూ గీరూ నేను చూళ్ళేను" అనేది.

టాక్సీ వచ్చింది. "బావగారూ, వెనక సీటులో కూచుంటారా, ముందరా?"

"మీరు ఎక్కడ కూచోమంటే అక్కడే."

"ఎక్కడో ఒకచోట ఏడవండి, పిల్లి గుడ్డిదైపోతోంది" అంది ఆవిడ.

ఆస్పత్రిలో కౌంటరు దగ్గర ఒకమ్మాయి కూచుని ఉంది. బెంచీమీద ఒకావిడ ఒళ్ళో స్వెట్టరు తొడిగిన కుక్కపిల్ల. పక్కన ఒక పెద్దాయన, పంజరంలో చిలక.

"పేరు?" అంది కౌంటరమ్మాయి.

"నాదా?"

"పిల్లిది."

ఆయన అటూ ఇటూ చూశాడు. స్వెట్టరు కుక్కపిల్ల కూడా చెవులు నిక్కించి వింటున్నట్టుంది. దేవుడి ముందు పొద్దున్నే దీపం పెట్టి వచ్చిన మనిషి, నలుగురిలో ఒక మూగజీవిని ముదనష్టం అని ఎలా అంటాడు? "బంగారం" అన్నాడు.

భార్య ఆయన వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అబద్ధమాడితే కళ్ళు పోతాయని పిల్లలందరికీ చెబుతారు. పోయిన కళ్ళకోసం వచ్చినచోట కూడా అబద్ధమేనా" అంది.

కౌంటరమ్మాయి మంచిది. "బంగారం, రా తల్లీ, డాక్టరమ్మ దగ్గరికి వెళదాం" అని బుట్ట తనే అందుకుంది. బుట్ట లోపల ముదనష్టం నాలుగు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుని రాయిలా బిగుసుకుంది.

డాక్టరమ్మ నడివయసు మనిషి, నిదానస్తురాలు. పిల్లిని బల్లమీద పెట్టి కాసేపు ముట్టుకోకుండా వదిలేసింది. తర్వాత ముందుకాలి మీద కొంచెం బొచ్చు తీసి, చల్లని జిగురులాంటిది రాసి, బొమ్మకు కట్టే నడికట్టంత పట్టీ చుట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నెత్తురు పారే చప్పుడు ఆవిడకు వాటిలో వినిపిస్తుందట. మొదటిసారి వచ్చిన నంబరు లెక్కలోకి తీసుకోదు. నాలుగైదుసార్లు చూసి, చిన్న టార్చిలాంటిదానితో కళ్ళలోకి చూసింది.

"బీపీ," అంది. "కళ్ళ వెనకుండే పొర ఊడింది. ఎడమకన్ను కష్టం. కుడికన్ను తొందరగా మందు మొదలుపెడితే కొంత రావచ్చు. వయసు మీద పడిన పిల్లుల్లో వస్తుంది ఇది, కిడ్నీలు నీరసిస్తే మరీను. దీని వయసెంత?"

"షాపు పైరేకులు మార్చిన ఏడాది వచ్చిందండీ" అన్నాడాయన.

డాక్టరమ్మ దాన్ని ఏదో విధంగా అర్థం చేసుకుంది. "నూట అరవై దాటితే మాకు బెంగ. దీనికి రెండొందలు దాటింది."

"నాకూ ఉందండీ బీపీ. రోజూ మాత్ర వేసుకుంటాను." ఆయన జేబులోంచి తన మాత్రల అట్ట తీసి చూపించాడు.

"మందు అదే."

ఆయన పిల్లి వైపు ఒకే మందు తినే సాటిమనిషిని చూసినట్టు చూశాడు.

"మందు అదే గానీ మీ మాత్ర దీనికి వెయ్యకండి. నేను రాసే చిన్న మాత్రలో పావు ముక్క చాలు, రోజూ ఒకే వేళకి. రోజూ అంటే రోజూనే. బాగుందని మానెయ్యకూడదు."

తాళంచెవి పళ్ళు వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే చేతికి మాత్ర కొయ్యడం ఒక పనా అనుకున్నాడాయన. మొదటి మాత్ర పొడైంది. రెండోది ఎగిరి ఇత్తడి పొడిలో కలిసింది. "ఇంత మాత్ర కొయ్యడం రాదు, ఊళ్ళోవాళ్ళ తలుపులు తీస్తాడట" అంటూ ఆవిడ కుట్టు విప్పే బ్లేడుతో టక్కున నాలుగు ముక్కలు చేసింది.

తినిపించడం ఇంకో కథ. ఆయన పావు ముక్క అరచేతిలో పెట్టుకుని, "బంగారం, మా తల్లి, ఇది మింగితే కళ్ళొస్తాయమ్మా" అని ఒంగేసరికి అది గుడ్డిదై ఉండి కూడా బీరువా వెనక దారి తప్పలేదు. గంటసేపు బతిమాలినా రాలేదు. ఆఖరికి ఆవిడ ఉడికిన చేపముక్కలో మాత్ర కుక్కి నేలమీద పెట్టి, "తింటే తిను, లేకపోతే చావు, నాకు ప్యాంట్లు కుట్టాలి" అని మిషను తొక్కుకోవడం మొదలుపెట్టింది. కాసేపటికి ముదనష్టం వచ్చి తిని మూతి నాక్కుంది. ఇందులో ఏదైనా గ్రహించవలసింది ఉందని ఇద్దరికీ తోచలేదు.

కొన్నాళ్ళకు ఆయన బల్లమీద ఒక తాళంచెవి దారానికి కట్టి ఆడిస్తుంటే, పిల్లి తల దాంతోపాటు ఇటూ అటూ తిరిగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ఆడించాడు. కుడికన్ను వెంట వచ్చింది. ఆయన లేచి వెళ్ళి దేవుడి అలమర తెరిచి, ఏమీ అడక్కుండా, ఊరికే నిలబడి మూసేశాడు.

ఆ సంతోషం రెండోసారి ఆస్పత్రికి వెళ్ళేదాకానే. "బంగారం వచ్చిందా" అంది కౌంటరమ్మాయి. "బంగారం, ఎలా ఉన్నావమ్మా" అన్నాడు మందులు అందించే అబ్బాయి. అందరూ ముద్దు చేశారు. డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు తీసి, పెదవి విరిచింది. "పెద్దగా తగ్గలేదు. మందు రెట్టింపు చేద్దాం. ఇలాగే ఉంటే ఆ మిగిలిన కన్ను కూడా దక్కదు."

పావు ముక్క అర ముక్క అయింది. అప్పట్నుంచి ముదనష్టం వాడిపోయింది. పక్కనే యంత్రం కీచుమని తాళంచెవులు కోస్తున్నా కళ్ళు తెరవదు. లేస్తే వెనక్కాళ్ళు తూలతాయి. స్ప్రింగుల పళ్ళెం దాని ముందే పెట్టినా తన్నదు. ఆవిడ దాన్ని ఒళ్ళో వేసుకుని, "అక్కడేమో నంబరు కొండెక్కిందంటారు, ఇక్కడేమో ఇది ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంది. ఎవర్ని నమ్మేదండీ" అంది.

ఆయన ఫోన్ చేసి అడిగాడు. డాక్టరమ్మ పాత నంబర్లు తీసి చూసింది. "నాకూ అనుమానంగానే ఉంది. మందు ఎక్కువైందంటే ఒప్పుకోవాలనుంది, కానీ నంబరు ఒప్పుకోవట్లేదు. రేపు తీసుకురండి. మళ్ళీ అంతే ఉంటే ఇంకో మందు కూడా కలపాలి. తప్పదు."

మందు తగ్గిస్తే కన్ను పోతుంది, పెంచితే పిల్లే పోయేలా ఉంది. మర్నాడు పొద్దున దేవుడి ముందు ఆయన పొగడ్తలన్నీ వరసగా చదివాడు. ఎప్పుడో మానేసిన పాతవి కూడా వెతికి కలిపాడు. అంతా అయ్యాక, ఇంత పొగిడితే దేవుడు కూడా బీరువా వెనక్కి గాని వెళ్ళిపోలేదు కదా అనిపించింది. తప్పు తప్పు అని చెంపలేసుకుని బుట్ట తీసుకున్నాడు.

ఈసారి డాక్టరమ్మ వెనకవైపు చిన్న గది తీయించింది. కిటికీకి తెర, బల్లమీద మెత్త. కుక్కల అరుపు వినపడదు. "దీనికి ఇక్కడ భయమవుతోందేమో చూద్దాం. దీని దుప్పటి తెచ్చారా?"

దుప్పటి టాక్సీలో ఉండిపోయింది. ఆవిడ ఫోన్లో తమ్ముణ్ణి తెమ్మంది.

"మీరు దగ్గర కూచుని మాట్లాడుతూ ఉండండి," అంది డాక్టరమ్మ, పట్టీ చుడుతూ. "ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే. నాకు హెడ్‌ఫోన్లలో మీ మాటలు వినపడవు, మొహమాటపడకండి."

ఆయన మొహమాటపడ్డాడు. ఎంత వినపడకపోయినా డాక్టరు డాక్టరే. "బంగారం," అన్నాడు మెల్లగా. "మా అమ్మ. మా తల్లి. ఏం చెయ్యరమ్మా నిన్ను."

పిల్లి చెవులు వెనక్కి అంటుకుపోయాయి. డాక్టరమ్మ గాలి కొట్టి, వదిలి, తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకా తియ్యగా, "మా బంగారుకొండ" అన్నాడు. డాక్టరమ్మ మొహం ఇంకా ముడుచుకుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తలుపు తోసుకుని బావమరిది దుప్పటితో వచ్చాడు. బల్లమీద ముడుచుకుపోయి వణుకుతున్న పిల్లిని చూశాడు. దాన్ని పిల్లకూనప్పట్నుంచీ ఎరిగిన మనిషి. బావగారు ఎదురుగా ఉన్నారన్న సంగతి మర్చిపోయాడు.

"ఏమే ముదనష్టం," అన్నాడు దుప్పటి దానిమీద పడేస్తూ. "ఏంటే ఆ అవతారం? తినీ తినీ బలిసి, కనపడక కాళ్ళు విరగ్గొట్టుకుంటే నీకు నా టాక్సీ ఒకటా? పెట్రోలు ఎవరు పోస్తారే, మీ తాతా?"

పిల్లి చెవి ఒకటి ముందుకు తిరిగింది.

డాక్టరమ్మ గాలి కొట్టబోతూ ఆగింది. చెయ్యెత్తి, ఆపొద్దు, అలాగే మాట్లాడండి అని సైగ చేసింది. ఆవిడకు వినపడేది పిల్లి నాడి ఒక్కటే.

బావమరిది బిత్తరపోయి అక్క వైపు చూశాడు. "ఏం చెప్పనే ఇంక?"

"చెప్పడానికేం, కావల్సినన్ని" అని ఆవిడ పిల్లి మీదికి ఒంగింది. "శనిగొట్టుమొహమా, ఊరంతా నిన్ను మొయ్యాలా? మొన్న ఆ లాయరుగారి ప్యాంటు మీద పడుకుని బొచ్చంతా అంటించింది నువ్వు కాదూ? దులిపి దులిపి చేతులు పడిపోయాయి. నువ్వు పోతే ఆ బొచ్చు దులిపే పని నాకు తప్పుతుందనుకుంటున్నావేమో, నిన్ను పోనిస్తానా దొంగపీనుగా?"

పిల్లి కాళ్ళు మెల్లగా చాపింది. డాక్టరమ్మ మొహం విప్పారింది. బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆయన వైపు కూడా చెయ్యి ఊపింది, మీరూ అందుకోండి అన్నట్టు.

అప్పుడు తట్టింది ఆయనకు. ఇన్నాళ్ళూ ఈ ఆస్పత్రిలో గుమ్మం దగ్గర్నుంచి బల్లదాకా ప్రతి ఒక్కరూ దాన్ని బంగారం, బంగారం అంటూ వచ్చారు. ఆ పేరు ఇచ్చింది తనే. ఆ పేరు వింటే గోళ్ళ కత్తెరా నీళ్ళ బకెట్టూ గుర్తొచ్చే జీవి, చుట్టూ అందరూ అదే పాట పాడుతుంటే, ఇవాళ్టితో తన పని అయిపోయిందనుకోదూ?

"తిండిపోతా," అన్నాడు. గొంతు సరిచేసుకున్నాడు. "ఇంత బతుకు బతికి, ఒక మాటకు భయపడతావే సిగ్గులేనిదానా? నా స్ప్రింగులు తన్నేసినప్పుడు లేదూ భయం? వంగి వంగి ఏరుకుని నా నడుం పోయింది, అది నీ బాబు బాగుచేస్తాడా? రెండు కళ్ళున్నప్పుడు చేసిన ఘనకార్యాలు చాలవని ఒంటికన్నుతో ఇంకా నా బల్లెక్కాలని చూస్తున్నావా? ఎక్కు. ఎక్కి చూడు. నీ చర్మం వలిచి మిషను కవరు కుట్టిస్తాను."

ముదనష్టం గడ్డం తెచ్చి ఆయన చేతిమీద ఆనించింది. గొంతులోంచి గుర్రుమనే చప్పుడు మొదలైంది.

డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ చూసి, పట్టీ విప్పి, సంతోషంగా హెడ్‌ఫోన్లు తీసింది. "ఎంత బాగా ఓదార్చారండీ. నూట యాభైకి కిందే ఉంది. ఏమన్నారేంటి?"

సరిగ్గా అప్పుడే బావమరిది, "దీని మొహానికి మిషను కవరు కూడానా, కాలు తుడుచుకునే పట్టా చాలు" అన్నాడు.

తాళాలాయన తల దించుకుని జరిగిందంతా, పేరుతో సహా, చెప్పాడు. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు కిటికీ తెర వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి.

తిరిగినప్పుడు మాత్రం డాక్టరులాగే మాట్లాడింది. "జబ్బు నిజమే. ఊడిన పొర భయం వల్ల ఊడలేదు. మందు మానకూడదు. కానీ పోయినసారి నేను చూసింది జబ్బు నంబరు కాదు, భయం నంబరు. అది చూసి మందు పెంచాను, అందుకే తూలుతోంది. మళ్ళీ పావు ముక్కకు వచ్చేద్దాం. కొన్నాళ్ళాగి నేనే మీ షాపుకు వచ్చి చూస్తాను." కొంచెం ఆగి, "నేను కూడా తిట్టాలా?" అంది.

"మీకెందుకండీ శ్రమ, మేమున్నాం కదా" అంది ఆవిడ.

కౌంటరు దగ్గర ఆయన స్వయంగా పేరు మార్పించాడు. కౌంటరమ్మాయి రెండుసార్లు అడిగి, తర్వాత నోరారా, "ముదనష్టం, వెళ్ళొస్తావా" అంది. బుట్టలోంచి మ్యావుమని జవాబొచ్చింది.

బయట ఎండ. టాక్సీ పక్కకు వచ్చి బావమరిది జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, మళ్ళీ చొక్కా జేబు. కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాడు. తాళంచెవి సీటుమీద మెరుస్తూ ఉంది. దుప్పటి తెచ్చే హడావిడిలో తలుపు వేసేశాడు.

అతను నెమ్మదిగా తిరిగాడు. మొహం మళ్ళీ మర్యాదగా మారింది. "బావగారూ, మీకు ఇబ్బంది లేకపోతే..."

తాళాలాయన సంచీ లేకుండా ఎక్కడికీ కదలడు. చదునైన ఉక్కు పట్టీ తీశాడు. బస్సుకోసం నిలబడ్డ నలుగురు ఇటు తిరిగారు. స్వెట్టరు కుక్కపిల్లతో ఒకావిడ ఆగింది. ఆయన అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. 'కరుణామయా' అనబోయి, ఆగాడు.

'ఏమయ్యా,' అనుకున్నాడు లోపల. 'ముసలి పిల్లితో ఇన్నాళ్ళు నన్ను ఆడించింది చాలక, ఇప్పుడు వీడి తాళం కూడా నా నెత్తినే పెట్టావా? నీకు వేరే పనేమీ లేదా?'

అనుకున్నాక భయం వేస్తుందనుకున్నాడు. వెయ్యలేదు. ఆ వైపునుంచి కూడా ఎవరో ఒక చెవి ఇటు తిప్పినట్టు, చాలా రోజులకు దగ్గరగా కూచున్నట్టు అనిపించింది. పట్టీని అద్దం రబ్బరు పక్కనుంచి దించి, కొంచెం వెనక్కి లాగి, పైకెత్తాడు. లోపల టక్కుమంది.

తలుపు తెరిచి పట్టుకుని బావమరిది మొహంలోకి చూశాడు. ఆ రోజు జనంలో నాలుక చివర ఆగిపోయిన మాట, ఇన్నేళ్ళుగా అక్కడే కూచుని ఉంది. ఇప్పుడు దానికీ దారి దొరికింది.

"తాళానికి జాలేసిన మాట నిజమేరా," అన్నాడు. "నామీద కాదు, గాడిదా. నీ చేతుల్లో పడ్డ ఈ కారుమీద."

బస్సు దగ్గర జనం పగలబడి నవ్వారు. బావమరిది ఎక్కి స్టీరింగు ముందు కూచున్నాడు.

"ఈ ముక్క అనడానికి ఇన్నేళ్ళు పట్టిందా బావా నీకు?" అన్నాడు.

"నీకు మంచిది ఇద్దామని దాచిపెట్టాను. నడుపు."

వెనక సీట్లోంచి ఆవిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుంటూ, "ఇద్దరికిద్దరూ సరిపోయారు దరిద్రులు" అంది. ముదనష్టం తననే అనుకుని, మూత సందులోంచి తల బయటికి పెట్టింది.